నక్కలకు కాపలా

పిల్లలూ, నక్క పేరు చెప్పగానే మీకు ఏదో ఒక కథ గుర్తుకు వస్తుంది. కథల్లో నక్క తియ్యటి మాటలు చెప్పి సింహాన్నయినా బోల్తా కొట్టిస్తుంది. కాని ఇప్పుడు మేము చెప్పబోయే నక్క నోరు విప్పదు. చలికాలపు రాత్రి, అప్పుడే పుట్టి ఇంకా కాళ్ళ మీద నిలబడలేని గొర్రెపిల్ల కోసం చప్పుడు కాకుండా వస్తుంది. ఆస్ట్రేలియాలో గొర్రెలు పెంచే రైతులు దీనితో నూరేళ్ళకు పైగా తంటాలు పడుతున్నారు. వాళ్ళు వేసిన ఎత్తుల్లో కొన్నిటిని చూస్తే నవ్వు వస్తుంది, కొన్నిటిని చూస్తే భయం వేస్తుంది.

ముందు ఇది ఏ నక్కో తెలుసుకోవాలి. మన ఊళ్ళ చివర రాత్రిళ్ళు ఊళలు వేసే నక్క తోడేలుకు దగ్గర చుట్టం. ఆస్ట్రేలియా రైతును ఏడిపించేది అది కాదు, ఎర్రనక్క. మన మెట్టపొలాల్లో బొరియలు తవ్వుకుని ఉండే గుంటనక్క ఉన్నదే, అది ఈ ఎర్రనక్కకు తమ్ముడి వరస. ఎర్రనక్కకు ఒంటినిండా ఎర్రటి బొచ్చు, నల్లటి కాళ్ళు, కుచ్చులాంటి తోక ఉంటాయి. ఆ బొచ్చు చూసి చాలా పెద్ద జంతువని అనుకుంటాం గాని, తూచితే మామూలుగా 5, 6 కిలోలే ఉంటుంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల 4, 5 కిలోలు తూగుతుంది. అంటే నక్క తనంత జంతువు మీదికే పోతున్నదన్నమాట. అందుకే అది పెద్ద గొర్రెల జోలికి సాధారణంగా పోదు. కొద్ది వారాలు పెరిగి గంతులు వేసే పిల్ల కూడా దానికి అంత సులభంగా దొరకదు. గండమంతా పుట్టిన మొదటి రోజుల్లోనే.

తమాషా ఏమిటంటే, ఆస్ట్రేలియాకు నక్క తనంతట తాను రాలేదు. మనిషే ఓడ ఎక్కించి తీసుకువచ్చాడు.

ఇంగ్లండులో దొరలకు ఒక వేడుక ఉండేది. గుర్రాలెక్కి, వేటకుక్కలను వదిలి, నక్కను తరిమి వేటాడేవారు. ఆస్ట్రేలియాలో కాపురం పెట్టినవారికి ఈ వేడుక లేక పొద్దుపోలేదు. అందుచేత 1850 తరువాత మెల్‌బోర్న్ పరిసరాలకు ఎర్రనక్కలను తెప్పించి వదిలారు. 1859లో టామస్ ఆస్టిన్ అనే భూస్వామి, వేటాడటానికే, తన ఎస్టేటులో కుందేళ్ళను వదిలాడు. కుందేళ్ళు లెక్కకు మించి పెరిగాయి. వాటిని తింటూ నక్కలు పెరిగాయి. కుందేళ్ళు ఎటు వ్యాపిస్తే నక్కలు కూడా వాటి వెంటే పోయి, 1930 ప్రాంతానికి దేశం రెండో కొసన ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియా చేరుకున్నాయి. ఎండలు మండే ఉత్తర ప్రాంతాన్నీ, టాస్మేనియా దీవినీ మినహాయిస్తే, ఇప్పుడు ఎర్రనక్క లేని చోటు ఆ దేశంలో అరుదు.

ఇంకొక సంగతి కూడా ఈ కథలో కలిసివచ్చింది. మొదటి రోజుల్లో ఆస్ట్రేలియాలో కూడా మన గొల్లలకూ, కురుమలకూ మల్లే గొర్రెల కాపరులు ఉండేవారు. పగలంతా మందను మేపి, రాత్రి తడికెల దొడ్డిలోకి తోలి, పక్కనే చిన్న పెట్టెలాంటి గుడిసెలో పడుకునేవారు. 1851లో అక్కడ బంగారం బయటపడింది. కాపరులు చేతికర్ర అవతల పారేసి, పారలు పట్టుకుని బంగారం తవ్వుకోవటానికి పరిగెత్తారు. కూలికి మనుషులు దొరక్క, భూస్వాములు మైళ్ళ కొద్దీ కంచెలు వేసి గొర్రెలను లోపల వదిలేశారు. అప్పటినుంచి మందకు కంచే కాపరి అయింది. సరిగా ఆ కాలంలోనే నక్కలు కూడా దిగాయి! కంచె గొర్రెను ఆపుతుంది గాని, నక్కను ఆపుతుందా? ఈనాటికీ అక్కడ ఒక్కొక్క రైతుకు వేలకొద్దీ గొర్రెలు ఉంటాయి. దేశం మొత్తం మీద సుమారు 7 కోట్లు. ఇన్నిటికీ రాత్రిపూట పక్కన పడుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అక్కడ చలికాలం మన జూన్, జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. దక్షిణ ప్రాంతాల్లో చాలా మందలు ఆ చలిలోనో, దానికి కాస్త అటూ ఇటూగానో ఈనుతాయి. అప్పుడు పుట్టిన పిల్ల పాలు మానే వేళకు వసంతపు పచ్చిక ఏపుగా ఉంటుందని రైతు లెక్క. కాని నక్కకు కూడా ఒక లెక్క ఉన్నది. ఆడనక్క ఏడాదికి ఒక్కసారే, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో, బొరియలో నాలుగైదు పిల్లలను పెడుతుంది. దాని ఆకలి ఎక్కువయ్యే రోజులూ, పొలంలో గొర్రెపిల్లలు ఉండే రోజులూ చాలాచోట్ల ఒకటే అవుతాయి.

తెల్లవారి రైతు పొలానికి వెళతాడు. గడ్డిలో ఒక గొర్రెపిల్ల చచ్చి పడి ఉంటుంది. దాన్ని ఏదో కొరికి తిన్నది. దూరాన గట్టు మీద నక్క పరిగెత్తుతూ కనిపిస్తుంది. ఇక సాక్ష్యం ఎందుకు? దొంగ దొరికినట్టే గదా అని మీరు అంటారు. చాలాకాలం రైతులు కూడా అలాగే అనుకున్నారు. కాని పశువైద్యులు ఆ చచ్చిన పిల్లలను పరీక్ష చేసి చూసి, ఆ మాట ఒప్పుకోలేదు.

వాళ్ళు చేసే పరీక్ష అపరాధ పరిశోధన కథలాగా ఉంటుంది. మొదట గిట్టలు చూస్తారు. తల్లి కడుపులో ఉండగా గొర్రెపిల్ల గిట్టల అడుగున మెత్తని పొర ఉంటుంది. పుట్టి నాలుగడుగులు నడవగానే అది అరిగిపోతుంది. పొర చెక్కుచెదరకుండా ఉంటే ఆ పిల్ల నేలమీద నడవనే లేదన్నమాట. తరువాత ఊపిరితిత్తుల ముక్క తీసి నీళ్ళలో వేస్తారు. గాలి పీల్చిన పిల్లదయితే ముక్క తేలుతుంది, పీల్చకపోతే మునుగుతుంది. కడుపు కోసి చూస్తే పాలు తాగిందీ లేనిదీ తెలుస్తుంది. మూత్రపిండాల చుట్టూ కొంచెం కొవ్వు ఉంటుంది. అది పుట్టిన పిల్లకు తల్లి ఇచ్చి పంపిన చద్దిమూట లాంటిది. చలికీ ఆకలికీ ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవటానికి పిల్ల ఆ కొవ్వునే ఖర్చు చేస్తుంది. అది కరిగి ఎర్రటి జిగురులాగా మారి ఉంటే, పాపం, పిల్ల పాలు లేక, చలికి వణికి చచ్చిపోయిందని అర్థం.

చివరకు చర్మం ఒలిచి పళ్ళగాట్లు చూస్తారు. అసలు కీలకం ఇక్కడే ఉన్నది. ప్రాణం ఉండగా కొరికితే చర్మం కింద నెత్తురు చిమ్మి గడ్డ కడుతుంది. చచ్చిన తరువాత కొరికితే గాట్లు ఉంటాయి గాని, నెత్తురు గడ్డ ఉండదు. ఎందుకంటే గుండె ఆగిన తరువాత నెత్తురు పారదు.

ఇలా వేలకొద్దీ పిల్లలను పరీక్షించగా తేలిందేమిటి? చచ్చిపోయే పిల్లల్లో ఎక్కువ భాగం పుట్టిన మూడు రోజుల లోపునే చస్తున్నాయి. వాటిలో చాలామటుకు పుట్టటం కష్టమయ్యో, ముర్రుపాలు అందకో, తల్లి వదిలి వెళ్ళిపోయో, చలిగాలికి వానకు తడిసో చస్తున్నాయి. నక్క తిన్న పిల్లల్లో చాలా వాటిని నక్క చంపలేదు. చచ్చి పడి ఉన్నవాటిని తిన్నది, అంతే. గొర్రె ఈనినప్పుడు పడే మావి కోసం కూడా నక్కలు మందలోకి వస్తాయి. అది చూసి రైతు, పిల్లనే ఎత్తుకుపోతున్నదని తుపాకి తీస్తాడు.

అయితే నక్క నిర్దోషి అని మాత్రం అనుకోకండి. నెత్తురు గడ్డలు దొరికిన పిల్లలు కూడా ఉన్నాయి. చాలాచోట్ల అవి తక్కువే గాని, కొన్ని పొలాల్లో నక్క నిజంగానే పెద్ద నష్టం చేస్తుంది. ముఖ్యంగా కవలలు పుట్టినప్పుడు చిక్కు. గొర్రెకు లెక్క రాదు. మెరినో జాతి గొర్రెలు మరీను. ఒక పిల్ల లేచి నడిచిందంటే దాన్ని వెంటబెట్టుకుని మేతకు పోతాయి. రెండోది వెనక గడ్డిలో ఉండిపోయి అరుస్తూ ఉంటుంది. ఆ అరుపు తల్లికంటే ముందు నక్క వింటుంది. ఈ చావును ఎవరి ఖాతాలో వెయ్యాలి, తల్లి ఖాతాలోనా, నక్క ఖాతాలోనా? మాకైతే ఇద్దరికీ చెరిసగం పంచాలని తోస్తుంది.

అందుచేత తెలివిగల రైతు నక్క సంగతి చూసే ముందు తల్లి సంగతి చూస్తాడు. చూలుగొర్రెలకు స్కానింగు చేయించి, కవలలు ఉన్నవాటిని వేరే మందగా విడదీసి, మంచి పచ్చిక ఉన్న చోట, గాలి కొట్టకుండా చెట్లో పొదలో అడ్డం ఉన్న చోట పెడతాడు. మంద చిన్నదిగా ఉంచుతాడు. ఈనిన గొర్రెను కొన్ని గంటల పాటు ఎవరూ కదిలించకుండా చూస్తాడు. ఆ కాసేపట్లోనే తల్లి పిల్లను నాకి, వాసన పట్టి, గొంతు గుర్తు పెట్టుకుంటుంది.

ఇందులో ఒక చిన్న లెక్క కూడా ఉన్నది, మీరే చేసి చూడండి. గొర్రె చూలు సుమారు 150 రోజులు. ఫిబ్రవరిలో పొట్టేళ్ళను మందలో వదిలితే జూలైలో ఈనుతాయి. పొట్టేళ్ళను అలాగే ఉంచేస్తే 12 వారాల పాటు రోజూ ఎక్కడో ఒకచోట పిల్లలు పుడుతూనే ఉంటాయి. అంటే నక్కకు 84 రాత్రుల విందు. పొట్టేళ్ళను ఆరు వారాల్లో బయటికి తోలేస్తే మంద అంతా ఆరు వారాల్లోనే ఈనుతుంది. విందు 42 రాత్రులకు తగ్గింది. పిల్లలు ఒక్కసారే ఎక్కువగా పుట్టినంత మాత్రాన నక్కకు పొట్ట పెరగదు గదా! తుపాకి పేల్చకుండా, దమ్మిడీ ఖర్చు లేకుండా సగం పని అయిపోయింది.

ఇక నక్కతో నేరుగా పోరాడే పద్ధతులు. తుపాకి ఉన్నది. రాత్రిపూట పెద్ద దీపం తిప్పితే నక్క కళ్ళు మెరుస్తాయి, ఆ గురికి కాలుస్తారు. కాని నక్కల్లో కూడా ఇలాకాలు ఉన్నాయి. ఒక నక్కను చంపితే దాని ఇలాకా ఖాళీ అవుతుంది. కొద్ది వారాల్లో పక్క పొలం నక్క వచ్చి అక్కడ మకాం పెడుతుంది. ఒక్క రైతు ఎంత కాల్చినా బావిలో నీళ్ళు చెంబుతో తోడినట్టే. 2002లో విక్టోరియా రాష్ట్రంవారు నక్కతోక తెచ్చిన ప్రతివారికీ బహుమానం ఇస్తామని చాటించారు. తోకలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. తీరా విచారించి చూస్తే, రాష్ట్రంలో చాలా భాగంలో నక్కల సంఖ్య నిలకడగా తగ్గనే లేదు. జనం సులభంగా దొరికిన చోటల్లా కాల్చారు గాని, గొర్రెలు ఈనే చోటు చూసి కాల్చలేదు. ఇరుగు పొరుగు రైతులందరూ ఒకే వారంలో, ఈనే కాలానికి కాస్త ముందుగా, కలిసికట్టుగా పని చేసినప్పుడే కొంత ఫలితం కనిపించింది. దీపాలు కూడా పెడతారు. రాత్రంతా రంగు మార్చి, వేళ మార్చి మిణుకుమనే దీపాలు. ఎవరో మనిషి లాంతరు పట్టుకుని తిరుగుతున్నాడని నక్క అనుకోవాలి. కొన్నాళ్ళు అనుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా వాడేది విషం. దాని పేరు ఒక అంకె: 1080. టెన్ ఎయిటీ అని పలకాలి. తెల్లటి పొడి, రుచీ వాసనా లేదు. ఎండిన మాంసపు ముక్కలో కొద్దిగా పెట్టి నేలలో పాతితే నక్క తవ్వుకుని తింటుంది. ఈ విషం సంగతిలో ఒక విచిత్రం ఉన్నది. దీన్ని మనిషి కారఖానాలో తయారు చేస్తాడు గాని, పశ్చిమ ఆస్ట్రేలియాలో పెరిగే కొన్ని చిక్కుడు జాతి మొక్కల్లో ఇదే విషం ప్రకృతి సిద్ధంగా ఉన్నది. తొలిరోజుల్లో అక్కడ స్థిరపడినవారి పశువులు ఆ మొక్కలు మేసి చచ్చిపోయేవి. కాని ఆ ప్రాంతంలో తరతరాలుగా పుట్టి పెరిగిన కంగారూలకూ, ఇతర జంతువులకూ ఆ విషం చాలామటుకు అలవాటయిపోయింది. పైనుంచి వచ్చిన నక్కకు ఆ అలవాటు లేదు. అందుచేత అక్కడ ఎర పెడితే నక్క చస్తుంది, స్థానిక జంతువులు చాలావరకు క్షేమంగా ఉంటాయి. 1980 తరువాత డ్రయాండ్రా అడవిలో ఈ ఎరలు పెట్టగా, వీపు మీద తెల్ల చారలుండి చెదలు తిని బతికే నంబాట్ అనే ముద్దులొలికే జంతువు మళ్ళీ పెరిగింది. నక్క గొర్రెపిల్లలకంటే ఇలాంటి చిన్న జంతువులకే ఎక్కువ అపకారం చేసింది. వాటిలో కొన్ని జాతులు మళ్ళీ కనపడకుండా పోయాయి.

కాని విషం విషమే. దీనికి విరుగుడు లేదు. నక్కను చంపే ముక్కే రైతు పెంచుకున్న కుక్క నోట పడితే కుక్క కూడా చస్తుంది. కుక్కలకు ఇది నక్కలకు లాగే చాలా కొద్దిగా చాలు. అందుకే శిక్షణ పొంది అనుమతి ఉన్నవారికే దీన్ని ఇస్తారు. ఎర పెట్టిన పొలానికి బోర్డు కట్టాలి, పొరుగువారికి ముందుగా చెప్పాలి, మిగిలిపోయిన ముక్కలు ఏరి నాశనం చెయ్యాలి. అయినా ఏటా ఎక్కడో ఒకచోట కుక్క పోయి ఎవరో ఏడుస్తూనే ఉంటారు. నక్క చావు కూడా సుఖమైన చావు కాదు. దీన్ని మానెయ్యాలనేవారు ఉన్నారు, మానేస్తే నంబాట్ల గతి ఏమిటని అడిగేవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. ఈ విషయం మీ ఇంట్లో పెద్దలతో వాదించి చూడండి, అంత తేలికగా తెగదు.

ఇప్పుడు సరదా సంగతి. బంగారం కోసం పారిపోయిన కాపరుల చోటికి కొత్త కాపరులు వచ్చారు. వాళ్ళకు నాలుగేసి కాళ్ళు.

దక్షిణ అమెరికా కొండల్లో అల్పాకా అనే జంతువు ఉన్నది. ఒంటె మెడ, గొర్రె ఉన్ని, పెద్ద పెద్ద కళ్ళు. దానికి కుక్కజాతి అంటేనే పడదు. నక్క కనిపిస్తే కీచుమని అరుస్తుంది, మీదికి పరిగెత్తి ముందు కాళ్ళతో తొక్కుతుంది. గొర్రెలు ఈనటానికి కొన్ని వారాల ముందే ఒకటి రెండు అల్పాకాలను మందలో వదిలితే, అవి గొర్రెలతో కలిసి మేస్తూ వాటిని తమ జట్టే అనుకుంటాయి. గాడిదను కూడా ఈ ఉద్యోగంలో పెడతారు. మన దేశంలో మూటలు మోసి తిట్లు తినే గాడిద అక్కడ కావలి అధికారి! అది ఓండ్ర పెట్టి వెంటపడి తన్నితే నక్క మళ్ళీ అటు రాదు. అయితే ఒక్క గాడిదనే పెట్టాలి. రెండు గాడిదలను పెడితే ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటూ గొర్రెలను మరిచిపోతాయి.

అన్నిటికంటే పేరు పొందినది మరెమ్మా కుక్క. ఇటలీలో తోడేళ్ళనుంచి మందలను కాపాడటానికి అనాదిగా పెంచిన తెల్లటి, పెద్ద కుక్క. ఇది మందను తోలదు, మందలో ఉంటుంది. రెండు నెలల కూనగా ఉన్నప్పుడే గొర్రెల మధ్య వదిలితే, వాటినే అన్నదమ్ములుగా భావించి పెరుగుతుంది. చాలాసార్లు పోట్లాట కూడా అవసరం ఉండదు. రాత్రంతా మొరుగుతుంది, చుట్టూ తన వాసన వదులుతుంది. నక్క ఆ సరిహద్దు చూసి పక్కకు తప్పుకుంటుంది.

విక్టోరియాలో వార్నాంబూల్ అనే సముద్రపు ఊరు ఉన్నది. దాని పక్కన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవిలో, అడుగు ఎత్తుండే బుల్లి పెంగ్విన్లు వందలకొద్దీ ఉండేవి. ఆటుపోటు తగ్గినప్పుడు ఆ దీవికి మోకాలి లోతు నీళ్ళలో నడిచి పోవచ్చు. నక్కలు ఆ దారి కనిపెట్టాయి. 2005కు పెంగ్విన్లు పదిలోపు మిగిలాయి. అల్లన్ మార్ష్ అనే కోళ్ళ రైతు తన కోళ్ళకు మరెమ్మాలనే కాపలా పెట్టుకున్నాడు. కోళ్ళను కాచే కుక్క పెంగ్విన్లను కాయలేదా అన్న ఆలోచన వచ్చింది. 2006లో ఆయన కుక్క ఆడ్‌బాల్‌ను దీవి మీద కాపలా పెట్టారు. నక్కలు రావటం ఆగింది. దాని తరువాత వచ్చిన రెండు కుక్కలకు యూడీ, టూలా అని పేర్లు పెట్టారు. ఆ పెంగ్విన్ల శాస్త్రీయ నామం యూడిప్టులా. దాన్నే రెండు ముక్కలు చేశారు! పెంగ్విన్లు మళ్ళీ వంద దాటి పెరిగాయి. 2015లో ఈ కథను సినిమాగా కూడా తీశారు.

కాని 2017 చలికాలంలో సముద్రం పొంగి, కుక్కలను దీవికి తీసుకుపోవటం కుదరలేదు. ఆ సందులో నక్కలు దాటుకుని వచ్చి సుమారు 140 పెంగ్విన్లను చంపేశాయి. పదేళ్ళ కాపలాలో వచ్చినదంతా కొద్ది రాత్రుల్లో పోయింది. తరువాత కుక్కలను మళ్ళీ కాపలాకు పంపారు.

పొలాల్లో అయితే ఈనే కాలం ముగిసిన కొద్ది వారాలకు రైతు మందనంతా దొడ్డిలోకి తోలి, పిల్లల చెవులకు గుర్తులు వేస్తాడు. ఎన్ని గొర్రెలు కట్టాయి, ఎన్ని పిల్లలు మిగిలాయి అని ఆ ఏడు లెక్క తేలేది అప్పుడే. అప్పటికి పిల్లలు నక్క పట్టుకు దొరకనంత బలిశాయి. గట్టు కింద బొరియలోంచి నక్కపిల్లలు కూడా బయటికి వచ్చి, మిడతలను పట్టుకోవటం నేర్చుకుంటూ ఉంటాయి.